ఇరవై అయిదు నిమిషాల యుద్ధానికి అయిదు నెలలు: సెమినోల్ యుద్ధ రీఎనాక్ట్‌మెంట్‌లో నా అనుభవం

ఆగస్టు రెండో వారంలో మా కౌంటీ మ్యూజియానికి మెయిల్ పెట్టాను. జనవరి రెండో శనివారం మధ్యాహ్నం రెండింటికి, అదే మ్యూజియం వెనక పైన్ చెట్ల మధ్య, లేత నీలం ఉన్ని జాకెట్ తొడుక్కుని చెకుముకి తుపాకీ పేల్చాను. అమెరికా సైన్యానికీ, ఫ్లోరిడా మూలవాసులైన (ఇక్కడ ‘ఇండియన్లు’ అంటారు) సెమినోల్ తెగకీ 1830ల్లో జరిగిన యుద్ధాన్ని వేషాలు వేసి మళ్లీ ఆడి చూపించడం అది, రీఎనాక్ట్‌మెంట్ అంటే అదే. పేల్చింది ఇరవై అయిదు నిమిషాలు. మిగతా అయిదు నెలలు ఎలా గడిచాయో, ఎంత ఖర్చయిందో, ఎక్కడ తప్పు చేశానో రాస్తున్నాను. ఫ్లోరిడాలో ఉన్న మనవాళ్లు పిల్లల్ని తీసుకెళ్లి తాడుకి ఇవతల నిలబడి ఈ యుద్ధాలు చూసొస్తుంటారు. తాడు దాటి అవతలికి వెళ్లాలనుకునేవాళ్లకి ఇది పనికొస్తుంది.

మెయిల్‌కి జవాబు రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. మ్యూజియం వాళ్లు నేరుగా ఎవరినీ చేర్చుకోరు. వాళ్లు స్థలం ఇస్తారు, ఇన్సూరెన్స్ కాగితాలు చూస్తారు, అంతే. తుపాకీ పట్టేది ఒక దళం. 1830ల నాటి అమెరికా సైన్యంలా దుస్తులు కుట్టించుకుని, సొంత డబ్బుతో తిరిగే నలభై, యాభై మంది. అక్కడ చేరాలి. ఏడాది చందా 35 డాలర్లు. సెప్టెంబరు మొదటి శనివారం డ్రిల్లుకి రమ్మన్నారు. బూట్లు, సాక్సు మినహా ఏమీ కొనొద్దని రెండుసార్లు రాశారు. ఆ మాట వినకుండా నెట్‌లో కనబడ్డ నీలం కోటు కొన్న ఇంకో కొత్తాయన, అది 1860ల అమెరికా అంతర్యుద్ధం నాటిదని తెలిసి 180 డాలర్లు పోగొట్టుకున్నాడు. వీళ్ల లెక్కలో ముప్ఫై ఏళ్లు తేడా వస్తే అది వేషమే కాదు. అలాంటి తప్పు సరుకుని ‘ఫార్బ్’ అంటారు. ఆ మాట మొదటి రోజే నాలుగుసార్లు వినబడింది.

మొదటి రోజు అందరూ అడిగిన ప్రశ్న ఒకటే. నువ్వు ఇండియన్‌వి కదా, అటు వైపు నిలబడవా? నవ్వుతూనే అడిగారు. కానీ దీని మీద మ్యూజియానికి రాతపూర్వకమైన నియమం ఉంది. సెమినోల్ పాత్రలు ఆ తెగవాళ్లే వేస్తారు, లేదా ఏళ్ల తరబడి వాళ్లతో కలిసి పని చేసి వాళ్లు ఒప్పుకున్నవాళ్లు వేస్తారు. గోధుమరంగు చర్మం ఉంటే చాలదు. అటు వైపు మనుషులు తక్కువైనప్పుడు చివరి నిమిషంలో ఎవరో వచ్చి ‘ఈ తలపాగా చుట్టుకో’ అంటారు. ఒప్పుకోకండి. సైనికుడి వేషానికి మన రంగు, మన యాస ఏమీ అడ్డు కావు. ఆనాటి సైన్యంలో ఐర్లండ్ నుంచీ జర్మనీ నుంచీ ఓడ దిగి, వేరే పని దొరక్క చేరినవాళ్లు బోలెడంత మంది. యాసలు వాళ్లకేం కొత్త కాదు.

ఇక తుపాకీ. 1816 మోడల్ మస్కెట్. గొట్టం లోపలి వ్యాసం 0.69 అంగుళాలు. నాలుగున్నర కిలోల దాకా బరువు. ఇటలీ నకళ్లు కొత్తవి వెయ్యి డాలర్ల పైమాటే. అంతకంటే చవకగా దొరికేవి, విచిత్రంగా, మన దేశంలో తయారైనవి. వాటిని చాలాసార్లు గొట్టానికి నిప్పు లోపలికి వెళ్లే బెజ్జం పెట్టకుండా, పేలని అలంకార వస్తువుగా అమ్ముతారు. కొన్నాక ఇక్కడి గన్‌స్మిత్ దగ్గర బెజ్జం వేయించుకోవాలి. మా దళం అలాంటివి వద్దంది, అంచేత మొదటి ఏడాది ఒక సీనియర్ తుపాకీ అరువు తీసుకున్నాను. ఫెడరల్ చట్టం ఈ రకం చెకుముకి నకళ్లని ‘ఫైర్‌ఆర్మ్’ కింద లెక్కపెట్టదు, పార్సిల్ ఇంటికే వస్తుంది. అయినా హెచ్‌1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు ముందు లాయర్‌ని అడగండి. నేస్తాలు చెప్పింది నమ్మి తుపాకీ జోలికి వెళ్లకండి.

సెప్టెంబరు, అక్టోబరుల్లో నాలుగు డ్రిల్లులు. మొదటి రెండింటిలో తుపాకీ మందు లేదు. తుపాకీ భుజాన పెట్టడం, దించడం, వరసలో అడుగు వేయడం, అంతే. 1835లో వచ్చిన స్కాట్ డ్రిల్లు పుస్తకం ప్రకారం తుపాకీ నింపడం పన్నెండు అంచెలు. చదివితే తేలిక. చేతులకి అలవాటయ్యేసరికి నాకు మూడు వారాలు పట్టింది.

నింపే తీరు ఇది. గుర్రాన్ని, అంటే చెకుముకి రాయి బిగించిన మీటని, సగం దాకా లాగి ఆపాలి. ప్యాన్, అంటే గొట్టం పక్కన బెజ్జం దగ్గరుండే చిన్న గిన్నె, తెరవాలి. నడుం దగ్గరి పెట్టెలోంచి తూటా తీసి, కాగితపు కొస పళ్లతో చించాలి. నాలిక మీద ఉప్పగా, కారంగా మందు పడుతుంది. ఉమ్మేయాలనిపిస్తుంది, వరసలో ఉమ్మకూడదు. చిటికెడు మందు ప్యాన్‌లో పోయాలి. మన పాత తెలుగులో దీన్నే రంజకం అనేవాళ్లు. ప్యాన్ మూయాలి. తుపాకీ నిలబెట్టి మిగిలిన మందంతా గొట్టంలో వొంపాలి. నిజం యుద్ధంలో అయితే గుండు, కాగితం కూడా వేసి కడ్డీతో దట్టిస్తారు. మేం ఇక్కడే ఆగిపోతాం. కాగితం కింద పడేస్తాం. కడ్డీ అసలు ముట్టుకోం. గొట్టంలో దట్టించిన కాగితపు ఉండ దగ్గర్నుంచి తగిలితే గాయం అవుతుంది. తొందరలో కడ్డీ లోపలే మర్చిపోతే అది బాణంలా వెళ్తుంది. అందుకే కొన్ని చోట్ల కడ్డీలని ముందే తీయించేస్తారు.

తూటాలు ఎవరివి వాళ్లే చుట్టుకోవాలి. మా పరిమితి తూటాకి 100 గ్రెయిన్లు, అంటే ఆరున్నర గ్రాములు. మందు ‘ఎఫ్‌ఎఫ్‌జీ’ రకం నల్ల మందు. పౌనుకి ఏడు వేల గ్రెయిన్లు కాబట్టి ఒక పౌను డబ్బాకి డెబ్భై తూటాలొస్తాయి. డబ్బా 32 డాలర్లు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ప్రమాదకర సరుకు రుసుం విడిగా పడుతుంది. దళంలో నలుగురు కలిసి తెప్పించుకోవడం మేలు. అంగుళంలో ఎనిమిదింట అయిదు వంతుల మందం ఉన్న గుండ్రటి కర్రకి న్యూస్‌ప్రింట్ చుట్టి, అడుగు మడిచి, మందు పోసి, పై కొస మెలితిప్పాలి. స్టేపుల్ కొట్టకూడదు, టేపు అంటించకూడదు. స్టేపుల్ గొట్టంలోకి జారితే అదే గుండు. నేను మొదట చుట్టిన నలభైలో పదకొండు పెట్టెలోనే విప్పుకుని మందంతా పెట్టె అడుగున చేరింది. అడుగు ఒకసారి మడిచి వదిలేశాను, రెండుసార్లు మడిచి లోపలికి నొక్కాలి. సార్జెంట్ ఆ పెట్టె తలకిందులు చేసి చూపించి, ‘ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో ఊహించుకో’ అన్నాడు. ఊహించుకున్నాను. ఇంటికెళ్లి అన్నీ మళ్లీ చుట్టాను.

అక్టోబరు మూడో శనివారం మందుతో పరీక్ష. రాత పరీక్ష పావుగంట, తర్వాత పన్నెండు రౌండ్లు. నా మూడో రౌండు పేలలేదు. రంజకం మాత్రం బుస్సుమంది. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పక్కవాడి తుపాకీ చప్పుడు, వాడి పొగ, చెవుల్లో ప్లగ్గులు. ఈ గోలలో మనదీ పేలిందనుకుని ఇంకో తూటా పోసేస్తాం. ఇప్పుడు గొట్టంలో రెండు తూటాల మందు. తెలుసుకోవడం ఎలాగంటే, భుజానికి తోపు తగలాలి, గొట్టం మూతిలోంచి, బెజ్జంలోంచి పొగ కారాలి. రెండూ లేకపోతే పేలనట్టే. మూతి పైకెత్తి పది లెక్కపెట్టాలి, సన్నటి తీగతో బెజ్జం పొడవాలి, మళ్లీ రంజకం వేయాలి. రెండోసారీ మొరాయిస్తే వరసలోంచి వెనక్కి జరిగి, ఆట అయ్యాక సార్జెంట్‌కి అప్పజెప్పాలి. ఆయన బెజ్జంలోంచి నీళ్లు పంపి మందు చంపేస్తాడు. నా తుపాకీకి వచ్చిన రోగం చిన్నది. ముందురోజు తుడిచిన నూనె ఉక్కు రేకు మీద మిగిలిపోయింది. నూనె మీద చెకుముకి రాయి గీస్తే రవ్వలు రావు. అప్పట్నుంచి జేబులో పొడి గుడ్డ ఒకటి.

చెకుముకి రాయి గురించి ఇంకో మాట. దాన్ని తోలు ముక్కలో చుట్టి గుర్రం దవడల మధ్య బిగించాలి. ఉత్తగా బిగిస్తే జారుతుంది, లేదా పగులుతుంది. పదిహేను, ఇరవై దెబ్బలకి అంచు మొద్దుబారుతుంది. ఫ్లోరిడా గాలిలో చెమ్మ ఎక్కువ, ప్యాన్‌లో వేసిన రంజకం పావుగంట ఉంచితే జావలా అవుతుంది. వాన తుంపర పడితే ఇక చెప్పక్కర్లేదు.

దుస్తులకే ఎక్కువ కాలం పట్టింది. సెప్టెంబరు చివర్లో ఆర్డరిచ్చిన ఉన్ని జాకెట్, ప్యాంటు పన్నెండు వారాలన్నారు, వచ్చేసరికి పదిహేనో వారం. జనవరి ప్రదర్శనకి అయిదు రోజుల ముందు. భుజాలు సరిపోయాయి, ప్యాంటు నడుం వదులు. ఈ ప్యాంట్లకి బెల్టు ఉండదు, గాలిసులు, అంటే భుజాల మీంచి ప్యాంటుని పట్టి ఉంచే పట్టీలు, వేసుకోవాలి. అది నాకెవరూ చెప్పలేదు. ఇంకో ఆశ్చర్యం కళ్లజోడు. నేటి ఫ్రేములు పెట్టుకోనివ్వరు. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాలి, లేదా పాత పద్ధతి గుండ్రటి తీగ ఫ్రేములో పవర్ వేయించుకోవాలి. పొగ, మసి కళ్లలో పడితే లెన్సులతో నరకం అన్నారు. ఫ్రేమే చేయించాను. నా ఖర్చు మొత్తం: చందా 35, బూట్లు 140, జాకెట్ ప్యాంటు 390, తోలు టోపీ 110, కళ్లజోడు 165, మందు 32, ఉన్ని సాక్సు 24. తుపాకీ కాకుండా 896 డాలర్లు.

డిసెంబరు ఆఖరి డ్రిల్లులో మా సార్జెంట్ ఒక పని చేయించాడు. అరువు ఓవర్‌కోట్లు తెచ్చి, తూటాల పెట్టె, పట్టీలు వేసుకున్నాక వాటి పైన తొడిగించి, మెడ దాకా గుండీలు పెట్టమన్నాడు. తర్వాత ‘లోడ్’ అన్నాడు. వేళ్లు చలికి కొయ్యబారాయి. మొదటి గుండీ దొరకలేదు. రెండోది ఊడింది. కోటు అంచు పక్కకి లాగితే పట్టీకి చిక్కుకుంది. పెట్టె మూత మీద చెయ్యి పడేసరికి ఆయన గట్టిగా ముప్ఫై ఒకటి దాకా లెక్కపెట్టాడు. తూటా ఇంకా బయటికి రాలేదు. 1835 డిసెంబరు 28న మేజర్ ఫ్రాన్సిస్ డేడ్ వెంట టాంపాలోని ఫోర్ట్ బ్రూక్ నుంచి నేటి ఒకాలా దగ్గరి ఫోర్ట్ కింగ్‌కి నడుస్తున్న నూరు మందికి పైగా సైనికులు సరిగ్గా ఇలాగే ఉన్నారు. చలి, చినుకులు. తూటాలు తడవకుండా పైన కోటు గుండీలు బిగించుకున్నారు. పొడుగు గడ్డిలో మికనోపీ, ఆలిగేటర్, జంపర్ అనే నాయకుల వెంట దాదాపు నూట ఎనభై మంది సెమినోలులు కాచుకుని ఉన్నారు. మొదటి విసురుకే డేడ్‌తో సహా సగం మంది పడిపోయారు. ఆ పోరు నుంచి ప్రాణాలతో బయటపడ్డ సైనికులు ముగ్గురు. ఆ రోజే అక్కడ ఫోర్ట్ కింగ్ దగ్గర సెమినోల్ నాయకుడు ఆసియోలా, సెమినోలుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి (ఇండియన్ ఏజెంట్) వైలీ థాంప్సన్‌ని కాల్చి చంపాడు. డేడ్ పోరు జరిగిన చోటు బుష్నెల్‌లో స్టేట్ పార్కుగా ఉంది, ఏటా జనవరి మొదట్లో అక్కడ పెద్ద రీఎనాక్ట్‌మెంట్ జరుగుతుంది. మాది అంత పెద్దది కాదు. బండి వెంట కాపలాగా వెళ్తున్న పాతిక మంది మీద మెరుపుదాడి, అంతే. దానికి ఫలానా పోరు అని పేరు కూడా పెట్టలేదు.

ప్రదర్శన శని, ఆదివారాలు రెండు రోజులు. శనివారం పొద్దున ఏడున్నరకి చేరాం. ఎనిమిది డిగ్రీల చలి. తొమ్మిదింటికి తుపాకీల తనిఖీ. గొట్టంలోకి కడ్డీ వదులుతారు. ‘టింగ్’మని మోగితే ఖాళీ. ‘డబ్’ అంటే అడుగున మసో, మందో ఉన్నట్టు. గుర్రం సగంలో నిలుస్తుందా, నొక్కితే జారుతుందా అని తుపాకీని గుర్రం పట్టి ఎత్తి చూస్తారు. ఇద్దరివి పక్కన పెట్టేశారు. వాళ్లు రోజంతా బండి తోలారు.

పది నుంచి ఒకటి దాకా జనంతో మాట్లాడటమే. కొత్తవాళ్లని ‘నేను 1837 సైనికుణ్ణి’ అని నటించొద్దంటారు. మామూలుగా, నేటి మనిషిగానే చెప్పాలి. అదే నయం. చిన్న పిల్లలు అడిగేది మూడే: బరువెంత, వేడిగా లేదా, బాత్రూంకి ఎలా వెళ్తారు. తిండి సంగతి: మాంసం తినని మనవాళ్లు డబ్బా తెచ్చుకోండి. బీన్స్ అన్నారని గిన్నె పట్టాను, అందులో ఉప్పు వేసిన పంది మాంసం. చపాతీ గుడ్డలో చుట్టుకుని తింటే ఎవరూ ఏమీ అనరు.

పదకొండింటికి సెమినోల్ వైపు శిబిరంలో తెగ పెద్దావిడ ఒకరు మాట్లాడారు. ఆ రెండు రోజుల్లో నాకు బాగా నచ్చింది అదే, తుపాకీ కాదు. మట్టి పాత్రలో సోఫ్‌కీ ఉడుకుతోంది, మొక్కజొన్న జావ. మన అంబలి తాగినవాళ్లకి వింతేం కాదు. ఆవిడ ముందు దుస్తుల గురించే చెప్పారు. రంగు రంగుల గుడ్డ ముక్కలు కుట్టిన ప్యాచ్‌వర్క్ జాకెట్ చూస్తే అందరూ సెమినోల్ అంటారు, కానీ అది కుట్టు మిషన్లు వచ్చాక ఇరవయ్యో శతాబ్దంలో పుట్టింది. 1835 వేషానికి అది తప్పు. ఆనాటివి పొడుగు చొక్కా, అల్లిన నడికట్టు, మెడలో వెండి పలకలు, శాలువాతో చుట్టిన పాగా. సెమినోల్ ఒక్క భాష కాదని, మికసుకి, క్రీక్ రెండూ ఉన్నాయని చెప్పారు. 1837 అక్టోబరులో తెల్ల జెండా కింద మాటలకొచ్చిన ఆసియోలాని అమెరికా సైన్యం జనరల్ జెసప్ మనుషులు పట్టుకున్నారనీ, మూడు నెలలకే సౌత్ కరోలినాలోని ఫోర్ట్ మౌల్ట్రీలో ఖైదీగా చనిపోయాడనీ చెబుతున్నప్పుడు గొంతు ఎత్తలేదు. ముందు వరసలో కూర్చున్న ఒకాయన లేచి, చివరికి గెలిచింది ఎవరని అడిగాడు. మూడు వేలకి పైగా మందిని పడమటికి ఓడలెక్కించారు, కొన్ని వందల మంది చిత్తడి అడవుల్లో దాక్కుని మిగిలారు, మేం వాళ్ల మనవళ్లం అన్నారు. ఆయన కూర్చున్నాడు.

మా మైకాయన మాత్రం రెండుసార్లు ‘మాసకర్’ (ఊచకోత) అన్నాడు. సెమినోలులు గెలిస్తే మాసకర్, సైన్యం గెలిస్తే బ్యాటిల్ అనడం పాత అలవాటు. స్క్రిప్టులో మ్యూజియం ఆ మాట ఎప్పుడో తీసేసింది, ఆయన నోటికి ఇంకా పోలేదు. రెండో రోజు సరిచేసుకున్నాడు.

రెండింటికి యుద్ధం. తుపాకీ ఎవరి మీదకీ గురిపెట్టం, తల పైకి ఎత్తి పేలుస్తాం. బయొనెట్ తొడగం. ఎవరు ఎప్పుడు పడిపోవాలో ముందే అనుకుంటారు, కానీ ఎవరికీ చావాలని ఉండదు. అంత కష్టపడి చుట్టిన తూటాలు మిగిలిపోతాయని బాధ. అందుకని తుపాకీ మొరాయించినవాళ్లు ముందు చస్తారు. నాకు తొమ్మిదో తూటా తర్వాత పడమన్నారు. పడేటప్పుడు మోకాళ్ల మీద కూలి, తుపాకీని పక్కన, గుర్రం, ప్యాన్ ఉన్న వైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి, మూతి జనం వైపు లేకుండా చూసుకోవాలి. అదంతా సరిగ్గానే చేశాను. చూసుకోనిది నేల. పొద్దున ఎర్రచీమల పుట్టల దగ్గర చిన్న జెండాలు గుచ్చారు, ఆ పొగలో జెండా కనబడలేదు. ఎడమ మణికట్టు పుట్ట అంచు మీద పడింది. శవం గోక్కోకూడదు. రెండు నిమిషాలు ఓర్చుకుని, తర్వాత ‘గాయపడినవాడి’లా పొర్లుతూ పక్కకి జరిగాను. జనం చప్పట్లు కొట్టారు. పదిహేడు పొక్కులు, వారం రోజులు పట్టింది మానడానికి.

సాయంత్రం ఒంటికి దీపావళి మర్నాటి వీధి వాసన. అదే సురేకారం, అదే గంధకం. అలసిపోయి తుపాకీని నూనె గుడ్డతో పైపైన తుడిచి పెట్టేశాను. పెద్ద తప్పు. ఆదివారం పొద్దున ప్యాన్ చుట్టూ, ఉక్కు రేకు మీద నారింజ రంగు తుప్పు. నల్ల మందు మసిలో ఉప్పు ఉంటుంది, అది రాత్రంతా గాలిలోని నీరు తాగుతుంది. నూనె దాన్ని ఆపదు, నీళ్లే కరిగించాలి. తుపాకీ సొంతదారు ఏమీ అనకుండా బకెట్ తెచ్చి ముందు పెట్టాడు. తిట్టినా బాగుండేది. బెజ్జంలో అగ్గిపుల్ల దూర్చి, గొట్టం నిండా మరిగిన నీళ్లు పోసి, ఊపి, వొంపాలి. మొదట సిరాలా నల్లగా, తర్వాత బూడిద రంగులో, నాలుగోసారికి తేటగా వస్తాయి. గొట్టం వేడిగా ఉన్నప్పుడే పొడి గుడ్డలు, చివర నూనె. మర్నాడు మళ్లీ ఒకసారి గుడ్డ దూర్చి చూడాలి, గోధుమ రంగు అంటితే ఇంకోసారి. ఈ పని నలభై నిమిషాలు. ఎంత రాత్రయినా ఆ రోజే చేసేయాలి.

ఆదివారం తొమ్మిదికి తొమ్మిదీ పేలాయి, చీమలు లేని చోట పడ్డాను. మిగిలిన తూటాలు విప్పి మందు పాత డబ్బాలో పోశాను. ఉన్ని జాకెట్ ఉతక్కూడదు, గరాజ్‌లో వేలాడదీశాను. మూడు వారాలైనా వాసన పోలేదు. ప్యాంటు నడుం మాత్రం దర్జీకిచ్చి 18 డాలర్లతో బిగించాను. తర్వాతి డ్రిల్లు మార్చి మొదటి శనివారం. చెకుముకి రాళ్లు ఆరు తెమ్మన్నారు.